పల్లె మురుగు: చేదబావి నుండి కుళాయి దాకా – ఒక చారిత్రక పరిశీలన

సంగ్రహం:
గ్రామాల్లో మురుగునీటి సమస్యను సాధారణంగా పాత అలవాట్లకు, అవగాహన లోపానికి ముడిపెట్టి చెప్పడం పరిపాటి. ఈ అభిప్రాయం చారిత్రకంగా నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పల్లెలో ‘పారే మురుగు’ అనేది ప్రధానంగా కుళాయి, సిమెంటు రోడ్డు వచ్చిన తరువాత పుట్టిన సమస్య. పురావస్తు ఆధారాలు, గృహజీవన పద్ధతులు, స్థానిక పరిపాలనా చట్టాలు, చిన్న ఊళ్ల మురుగుశుద్ధికి సంబంధించిన సాంకేతిక చరిత్ర అనే నాలుగు కోణాల నుండి ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: మురుగునీరు, గ్రామ పంచాయతీ, ఇంకుడు గుంత, స్థిరీకరణ కుంట, పెద్దబంకూరు, ఫెసెండెన్, కుడితి.

1. ఉపోద్ఘాతం:
మన ప్రాంతీయ చరిత్ర రచనలో నీటికి పెద్దపీట ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల గురించి, కృష్ణా గోదావరి ఆనకట్టల గురించి, దశబంధ ఇనాముల గురించి విస్తారమైన పరిశోధన జరిగింది. అయితే ఈ రచనలన్నింటిలోనూ నీరు ఊరికి, పొలానికి వచ్చే దిశలోనే ప్రయాణిస్తుంది. ఇంట్లో వాడిన తరువాత ఆ నీరు ఏమైంది, ఎటు పోయింది, ఎవరి గుమ్మం ముందు ఆగింది అన్న ప్రశ్న దాదాపుగా అడగబడలేదు. చెరువు తవ్వించినవాడు శాసనం వేయించుకుంటాడు. మురుగు మళ్లించినవాడు శాసనం వేయించుకోడు. కాబట్టి ఆధారాల కొరత ఉన్నమాట నిజమే. కానీ ఆధారాలు కొరవడినచోట చరిత్ర లేదనుకోవడం పొరపాటు.

ఈ వ్యాసంలో మురుగునీరు అనే మాటను రెండు అర్థాలుగా విడదీసి వాడుతున్నాను. స్నానం, వంట, అంట్లు, బట్టల ఉతుకు వల్ల వచ్చే నీరు ఒకటి. దీనిని వాడుకమురుగు అంటాను. మరుగుదొడ్డి నుండి వచ్చేది రెండవది, అది మలమురుగు. ఈ విభజన కేవలం పరిభాషకు సంబంధించినది కాదు. చట్టం ఈ రెండింటినీ వేరుచేసింది, పల్లె ఇటీవల కలిపేసింది. ఈ వ్యాసంలోని వాదన చాలావరకు ఆ రెండు సంఘటనల మధ్యనే తిరుగుతుంది.

2. తవ్వకాలు చెప్పే సంగతి:
మొహెంజొదారో మురుగుకాలువల ప్రస్తావన లేని పాఠ్యపుస్తకం లేదు. అయితే అక్కడి వీధికాలువల వైభవం ముందు మరొక చిన్న ఏర్పాటు మరుగున పడిపోయింది. పెద్దకాలువ అందని సందుల్లో ఇంటి నీటిని అడుగున చిల్లులున్న కుండల్లోకి, గుంటల్లోకి వదిలి నేలకు ఇంకించేవారు. అంటే ‘మోసుకుపోయే’ పద్ధతి, ‘ఇంకించే’ పద్ధతి రెండూ ఒకే నగరంలో పక్కపక్కనే ఉన్నాయి. తరువాతి చరిత్రలో నగరం మొదటిదాన్ని, పల్లె రెండవదాన్ని తన పద్ధతిగా చేసుకున్నాయని స్థూలంగా చెప్పవచ్చు.

తెలుగునేలపై ఈ విషయంలో ఆసక్తికరమైన స్థలం కరీంనగర్ ప్రాంతంలోని పెద్దబంకూరు. శాతవాహన కాలపు ఈ జనావాసంలో 22 చేదబావులు బయటపడ్డాయన్నది పోటీపరీక్షల విద్యార్థులకు కూడా కంఠతా వచ్చిన విషయమే. కానీ ఆ సంఖ్యను వల్లించే మనం దాని పర్యవసానాన్ని అంతగా ఆలోచించలేదు. అన్ని బావులున్న చోట అంతే పరిమాణంలో వాడిన నీరు కూడా ఉండి తీరాలి. అక్కడ ఇటుక కట్టడాలతోపాటు మురుగు కాలువలు కూడా కనిపించడం అందువల్ల యాదృచ్ఛికం కాదు. బావి, కాలువ ఒకే నిర్మాణ ఆలోచనలోని రెండు కొసలు. తాగేనీటి బావికి, మురుగు ఇంకే చోటుకు మధ్య ఎంత దూరం పాటించారన్న ప్రశ్నతో తవ్వకాల పటాలను తిరిగి చదవవలసిన అవసరం ఉంది. నాణేల రాశుల మీద జరిగినంత శ్రద్ధ ఈ ప్రశ్న మీద జరగలేదు.

గ్రంథస్థమైన ఆధారాల్లో కౌటిల్యుని అర్థశాస్త్రం స్పష్టమైనది. వీధిలో చెత్త వేసినవానికి పణంలో ఎనిమిదో వంతు, బురదనీరు నిలిచేలా చేసినవానికి పావు పణం జరిమానా అని నాగరికుని విధులను చెప్పే అధ్యాయం నిర్దేశిస్తుంది. రాజమార్గంలో అయితే ఇవి రెట్టింపు. చెత్తకన్నా నిలవనీటికి శిక్ష ఎక్కువ ఉండడం గమనార్హం. ఇంటి నీరు పోయే దారికి, పొరుగువాని గోడకు మధ్య ఎడం ఉండాలన్న నియమం కూడా అదే గ్రంథంలో ఉంది. కానీ శిక్షలు చెప్పిన అధ్యాయం నగరానికి సంబంధించినది. దాని ఆధారంగా గ్రామాచారాన్ని ఊహించడం పద్ధతి కాదు. అర్థశాస్త్రాన్ని చూపి ‘మన పల్లెల్లో అన్నీ ఉండేవి’ అనే ధోరణికి ఈ వ్యాసం దూరంగా ఉంటుంది.

3. కుడితి గోలెం, పెరటి అరటి:
కుళాయికి ముందు పల్లె ఇంటిలో మురుగు ఎందుకు పారేది కాదు? దీనికి జవాబు శుచిత్వంలో కాదు, మోతలో ఉంది. నీటిని బావి నుండి తోడి, చంక నెత్తుకుని తేవలసినప్పుడు దానిని ఎవరూ పారబోయరు. ఒక బిందె పదిహేను లీటర్లనుకుంటే, ఐదుగురున్న ఇంటికి పది బిందెలు తెస్తే తలసరి ముప్పై లీటర్లు. అందులోనూ బట్టలు చెరువు దగ్గర, చాకిరేవు దగ్గర ఉతికేవారు. పశువులను చెరువులోనే కడిగేవారు. మగవారిలో చాలామంది స్నానం కూడా బావి దగ్గర, కాలువ దగ్గరే. ఇంటికి చేరిన నీరు ప్రధానంగా వంటకు, తాగడానికి, ఆడవారి, పిల్లల స్నానాలకు సరిపోయేది.

ఆ కొద్దిపాటి నీటికి కూడా ఇంటిలో వరుసగా పనులుండేవి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలోకి, అక్కడి నుండి పశువు కడుపులోకి పోయేవి. అంట్లు తోమడానికి వాడినది బూడిద, కొబ్బరిపీచు లేదా గడ్డి. కాబట్టి ఆ నీరు మొక్కకు హానికరం కాదు. స్నానాల గది నీరు, నిఘంటువులు ‘జలదారి’ అని చెప్పే సన్నని దారి గుండా పెరటిలోకి పోయేది. ఆ దారి చివర అరటి, కంద, చేమ, బచ్చలి ఉండేవి. ఏ పెరట్లో అరటిచెట్టు ఎక్కడ ఉందో చూస్తే స్నానం చేసే చోటు ఎక్కడుందో చెప్పవచ్చునని మా తరం వారికి తెలిసినదే. ఈనాటి పరిభాషలో దీనిని వికేంద్రీకృత శుద్ధి, పోషకాల పునర్వినియోగం అంటారు. ఆనాడు దానికి పేరు లేదు. పని మాత్రం ఉంది, ఆ పని పూర్తిగా స్త్రీలది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పై చిత్రణను స్వర్ణయుగంగా చదవకూడదు. కలరా, మలేరియా పల్లెలను ఊడ్చిపెట్టిన కాలం అది. దిగుడుబావుల నీటి వల్ల నారికురుపు తెలంగాణ, రాయలసీమల్లో తరతరాలు జనాన్ని బాధించింది. దేశం దాని నుండి విముక్తమైనది 2000 సంవత్సరంలోనే. పెరడు లేని ఇళ్లవారికి, ముఖ్యంగా ఊరికి పల్లపు దిక్కున నెట్టబడిన వాడల వారికి ఈ అరటిచెట్టు వ్యవస్థ వర్తించదు. పెరడు అనేదే ఒక కులానుగుణమైన ఆస్తి. చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆనాటి పల్లెకు నీటి కాలుష్యం సమస్య ఉంది, మలవిసర్జన సమస్య ఉంది, వీధిలో నిత్యం పారే వాడుకమురుగు సమస్య మాత్రం లేదు, లేదా స్వల్పం.

1961 జనాభా లెక్కల సందర్భంగా వెలువడిన ఆంధ్రప్రదేశ్ గ్రామ సర్వే గ్రంథాలు, ఎస్.సి. దూబే శామీర్‌పేటను ఆధారం చేసుకుని 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ వంటివి ఈ సంధికాలానికి విలువైన సాక్ష్యాలు. వాటిని కులం, బంధుత్వం, వ్యవసాయం కోసం చదివినట్టుగా ఇంటి వెనుక నీటి కోసం కూడా చదవవచ్చు.

4. చట్టంలోని రెండు మాటలు:
మద్రాసు రాష్ట్రంలో 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద కొన్ని గ్రామాలను కలిపి యూనియన్లుగా ఏర్పాటుచేశారు. ఇంటిపన్ను వసూలుచేసి వీధులు, కాలువలు శుభ్రపరచడం వాటి పని. పన్ను ఇష్టంలేక, పన్నుకు తగిన ఫలితం కనబడక ఈ యూనియన్లు జనాదరణ పొందలేదు. తరువాత 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. ప్రజారోగ్యానికి సమగ్రమైన చట్టం చేసిన మొదటి భారతీయ రాష్ట్రంగా మద్రాసుకు పేరు దక్కింది. 1950లో గ్రామ పంచాయతీల చట్టం, రాష్ట్రావతరణ తరువాత 1964లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఉమ్మడి పంచాయతీ చట్టం, ఆపైన 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి 1994 చట్టం వచ్చాయి.

మద్రాసు సంప్రదాయం నుండి దిగివచ్చిన ఈ పంచాయతీ చట్టాలు మురుగుకాలువలు నిర్మించడం, వాడుకమురుగును వదిలించడం పంచాయతీ విధిగా చెబుతూ, అందులో మలమురుగును చేర్చలేదు. ఆనాటి పరిస్థితిలో ఇది సహేతుకమే. పల్లెలో నీటితో కడిగే మరుగుదొడ్లే లేనప్పుడు మలమురుగు ప్రశ్న ఎక్కడిది? అది పట్టణానికి, పురపాలక సంఘానికి సంబంధించిన వ్యవహారం. కానీ చట్టం వేసిన ఈ గీత తరువాతి కాలంలో ఇంజనీరింగు ఆలోచనను కూడా శాసించింది. గ్రామానికి కావలసింది ‘కాలువ’, ‘శుద్ధి’ నగరానికి. కాలువ అంటే నీటిని కంటికి కనబడకుండా దూరం చేసేది మాత్రమే. ఆ దూరం ఎక్కడ ముగుస్తుందో చట్టం చెప్పలేదు.

రాజ్యాంగంలోని పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. తాగునీరు 11వ అంశం. ఆరోగ్యం, పారిశుద్ధ్యం 23వ అంశం. ఒకే కుటుంబంలో ఒకే రోజు జరిగే రాక, పోక రెండు వేర్వేరు అంశాలయ్యాయి. ఆచరణలోనూ అంతే. నీరు తెచ్చే శాఖ వేరు, దాని నిధులు వేరు. పోయే నీటికి ప్రత్యేకంగా శాఖంటూ లేదు. రోడ్డు వేసేవారే పక్కన కాలువ వేస్తారు.

5. నది లేని ఊరు: ఫెసెండెన్ అనుభవం:
చిన్న ఊళ్ల మురుగుశుద్ధి చరిత్రను తెలుగు పల్లెల సందర్భంలో అర్థం చేసుకోవడానికి అమెరికాలోని ఉత్తర డకోటాకు వెళ్లవలసి వస్తుంది. కారణం ఉంది. ఆధునిక మురుగుశాస్త్రం నది ఒడ్డున పుట్టిన శాస్త్రం. ఇంగ్లండులో 1898 నుండి 1915 వరకు పనిచేసిన రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదికలో ప్రసిద్ధమైన 20:30 ప్రమాణాన్ని ప్రతిపాదించింది. శుద్ధిచేసిన నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలియాడే ఘనపదార్థం 30 మిల్లీగ్రాములు మించరాదన్నది దాని సారం. ఈ ప్రమాణం వెనుక ఒక షరతు ఉంది. ఆ నీరు కలిసే నదిలో దానికి కనీసం ఎనిమిది రెట్ల స్వచ్ఛమైన నీరు ఉండాలి. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ రూపొందించిన చురుకైన బురద పద్ధతి కూడా యంత్రాలు, నిరంతర శక్తి, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న నగరానికి ఉద్దేశించినదే. నది, విద్యుత్తు, ఇంజనీరు ఈ మూడూ లేని ఊరి గురించి ఈ శాస్త్రం మౌనం వహించింది.

ఉత్తర డకోటాలోని ఫెసెండెన్ అటువంటి ఊరు. చుట్టూ గోధుమ పొలాలున్న చిన్న వ్యావసాయిక సముదాయం. 1928లో అక్కడ మురుగుగొట్టాలు వేశారు. కానీ ఆ నీటిని వదలడానికి సమీపంలో తగిన వాగు లేదు. గత్యంతరం లేక ఊరి బయట ఉన్న ఒక సహజమైన పల్లపు గుంటలోకి మళ్లించారు. మన భాషలో చెప్పాలంటే ఒక మడుగు. శుద్ధి యంత్రాంగాన్ని తరువాత కట్టుకోవచ్చుననుకున్నారు. కానీ కొద్ది కాలానికే ఆ మడుగులోని నీరు యంత్రాలతో శుద్ధిచేసిన నీటికి దీటుగా ఉన్నట్టు తేలింది. తాత్కాలికమనుకున్న ఏర్పాటు దశాబ్దాలపాటు కొనసాగింది. ఈ అనుభవం ప్రేరణగా అదే రాష్ట్రంలోని మాడాక్ అనే మరో చిన్న ఊరిలో 1948లో, ముందుగా లెక్కవేసి రూపొందించిన మురుగు కుంటను ప్రజారోగ్య శాఖ ఆమోదంతో నిర్మించారు. తరువాతి రెండు దశాబ్దాల్లో ఈ ‘స్థిరీకరణ కుంటలు’ అమెరికా గ్రామసీమలంతటా వ్యాపించాయి.

ఆ మడుగులో జరిగిన పని ఏమిటి? మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేస్తాయి. దానికి వాటికి ప్రాణవాయువు కావాలి. నగరంలోని శుద్ధికేంద్రం దానిని యంత్రంతో గాలి కొట్టి అందిస్తుంది. కుంటలో ఆ పని నాచు చేస్తుంది. సూక్ష్మజీవులు విడుదల చేసిన బొగ్గుపులుసు వాయువును, పోషకాలను నాచు తీసుకుని, సూర్యకాంతి సాయంతో ప్రాణవాయువును తిరిగి ఇస్తుంది. కుంట అడుగున గాలి తగలని పొరలో బురద నెమ్మదిగా జీర్ణమవుతుంది. కాలిఫోర్నియాలో ఓస్వాల్డ్, గొటాస్ 1950లలో ఈ సహజీవనాన్ని శాస్త్రీయంగా వివరించారు. అంటే వివరణ వచ్చేసరికి ఫెసెండెన్ మడుగు పని మొదలుపెట్టి పాతికేళ్లకు పైగా అయింది. ఇక్కడ ఆచరణ ముందు వచ్చింది, సిద్ధాంతం వెనుక నడిచింది. సాంకేతిక చరిత్రలో ఇది అరుదేమీ కాదు గాని, పల్లె నుండి ప్రయోగశాలకు వెళ్లిన సందర్భాలు మాత్రం తక్కువ.

చలికాలంలో నెలల తరబడి మంచు గడ్డకట్టే డకోటాలో పనిచేసిన పద్ధతి ఎండలు కాసే దక్కనులో ఇంకెంత బాగా పనిచేయాలి! ఈ ఆలోచన మన శాస్త్రజ్ఞులకు రాకపోలేదు. 1958లో నాగపూరులో నెలకొల్పిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థ (1974 నుండి నీరి) ఈ కుంటలపై విస్తృతంగా పనిచేసింది. అర్సీవాలా తదితరులు భారతదేశ పరిస్థితులకు అనువుగా కుంటల రూపకల్పనపై రాసిన గ్రంథాన్ని ఆ సంస్థ 1970లో ప్రచురించింది. అంటే గ్రామీణ మురుగుకు చవకైన పరిష్కారం యాభై ఏళ్ల క్రితమే, మనకు ఉత్తరాన కూతవేటు దూరంలో ముద్రణలో ఉంది. అది పల్లెకు ఎందుకు చేరలేదన్నదే చారిత్రక ప్రశ్న.

ఇదే కాలంలో జర్మనీలో మరొక మార్గం తయారైంది. ప్లోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో కేటె జైడెల్ 1950ల నుండి తుంగజాతి మొక్కలతో నీటిశుద్ధిపై ప్రయోగాలు చేశారు. 1974లో ఓత్‌ఫ్రెసెన్ అనే గ్రామంలో వేరుమండల పద్ధతిలో శుద్ధిమడి పనిచేయడం మొదలైంది. ఇందులో వాడే మొక్కలు మనకు కొత్తవి కావు. చెరువుశిఖంలో పెరిగే జమ్ము, కిక్కిస గడ్డి, మురుగు పక్కన ఎర్రగా పూసే మెట్టతామర ఆ కుటుంబాలవే.

6. కుళాయి, సిమెంటు రోడ్డు:
1981–90 దశకాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ తాగునీటి, పారిశుద్ధ్య దశాబ్దంగా పాటించింది. మన దేశంలో ఆ దశాబ్దపు శ్రద్ధ చేతిపంపు మీద, రక్షిత మంచినీటి పథకం మీద నిలిచింది. 1986లో కేంద్ర గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమం, 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమం, 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ వచ్చాయి. వీటన్నిటి కేంద్రబిందువు మరుగుదొడ్డి. అది సమంజసమైన ప్రాధాన్యమే. కానీ మరుగుదొడ్డిని లెక్కించడం సులభం, ఫోటో తీయడం సులభం. పారే నీటిని లెక్కించడం కష్టం. ద్రవవ్యర్థాల నిర్వహణ ప్రధాన లక్ష్యాల్లోకి వచ్చింది 2020లో మొదలైన రెండవ దశలోనే.

ఈలోగా నీరు వచ్చేసింది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామాల్లో తలసరి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం 55 లీటర్లు. సరఫరా చేసిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. దీనిని వెయ్యిమంది ఉన్న ఒక పల్లెకు అన్వయిద్దాం. తలసరి 100 లీటర్ల చొప్పున లక్ష లీటర్లు వస్తే, 80 వేల లీటర్లు బయటికి పోవాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే రోజుకు పదహారు ట్యాంకర్లు. పదహారు ట్యాంకర్ల మురుగును ప్రతిదినం ఒకరి వాకిట్లో వదలమని ఏ గ్రామసభా తీర్మానించదు. కానీ ఏ తీర్మానమూ లేకుండానే అది జరుగుతున్నది.

దీనికి సిమెంటు రోడ్డు తోడైంది. మట్టివీధి ఎంతో కొంత నీటిని పీల్చుకునేది. సిమెంటు పీల్చదు. రోడ్డు మట్టం పెరిగి, పాత ఇళ్ల గడపలు పల్లంలో పడ్డాయి. పెరడు అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లయింది; అరటిచెట్టు పోయింది. పాడిపశువు తగ్గింది, కుడితి గోలెం మూలపడింది. బూడిద స్థానంలో సబ్బుపొడి వచ్చింది. కోస్తాలో ‘కాలవ’ అని, తెలంగాణలో ‘మోరీ’ అని పిలిచే పక్కకాలువ ఊరంతటి నీటిని ఒకచోటికి చేర్చింది. ఇంతకుముందు రెండువందల పెరళ్లలో చెల్లాచెదురుగా ఇంకిన నీరు ఇప్పుడు ఒకే పాయగా, ఒకే దిక్కుకు, పల్లానికి పారుతుంది. పల్లంలో ఎవరున్నారన్నది భౌగోళిక ప్రశ్న కాదు, సామాజిక చరిత్ర. వాడల స్థాననిర్ణయం ఎన్నడో జరిగింది. కాలువ దానిని సిమెంటుతో స్థిరపరచింది. ఆ కాలువలో పూడిక తీసే చేతులు కూడా చాలాచోట్ల ఆ వాడల నుండే వస్తాయి.

ఇక మలమురుగు సంగతి. రెండు గుంతల మరుగుదొడ్డిలో మలం నేలలోనే ఎరువుగా మారుతుంది, బయటికి నీరు రాదు. కానీ స్తోమత కలిగినవారు సెప్టిక్ ట్యాంకును గౌరవప్రదంగా భావించారు. ఫ్రాన్సులోని వెసూల్‌లో మూరా అనే వ్యక్తి 1860 ప్రాంతంలో కట్టిన తొట్టికి, 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో కామెరాన్ పెట్టిన పేరు సెప్టిక్ ట్యాంకు. అది సగం శుద్ధి మాత్రమే చేస్తుంది. అందులో నుండి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. చాలా ఇళ్లలో ఆ గుంతకు బదులు ఒక గొట్టం పక్కకాలువలోకి తెరుచుకుంటుంది. చట్టం వేరుగా ఉంచిన రెండు మురుగులు అక్కడ కలిసిపోయాయి. పంచాయతీ చేతిలో ఉన్నది వాడుకమురుగు కోసం వేసిన కాలువ. అందులో పారుతున్నది మలమురుగు. ఆ కాలువ చివరకు చేరేది చెరువుకే. గుర్రపుడెక్క కమ్మిన చెరువును చూసి వానలు తగ్గాయని అనుకునేవారున్నారు. వానకు దానితో సంబంధం లేదు.

7. ఇంకుడు గుంత, దాని పరిమితులు:
ఇటీవలి కాలంలో పల్లె తిరిగి ‘ఇంకించే’ పద్ధతికి మళ్లింది. ఒకనాటి హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన నాందేడ్ జిల్లాలో, టెంభుర్ణి గ్రామస్థులు వీధికాలువలను వదిలి ఇంటింటికి ఇంకుడు గుంత తవ్వుకున్నారు. నిలవనీరు పోవడంతో దోమలు తగ్గాయన్న పేరు రావడంతో ఆ పద్ధతి జిల్లాలోని ఇతర గ్రామాలకు పాకింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపాధి హామీ పథకం కింద ఇంకుడు గుంతల నిర్మాణం పెద్దఎత్తున సాగింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు జమ్ము, మెట్టతామర వంటి మొక్కలున్న శుద్ధిమడితో ఊరి మురుగును సేద్యానికి పనికివచ్చేలా చేసి చూపారు.

అయితే ఇంకుడు గుంత అన్ని నేలలకూ ఒకే మందు కాదు. చెలక నేలలో నీరు ఇంకినట్టు నల్లరేగడిలో ఇంకదు. గుంతకు ముందు మడ్డి ఆగే చిన్న తొట్టి లేకపోతే సబ్బు, నూనె, మెతుకులు పేరుకుని గుంత గోడలపై జిగురుపొర ఏర్పడి రెండు మూడేళ్లలో మూసుకుపోతుంది. కోనసీమలో కొద్ది అడుగులకే నీరు తగులుతుంది. అక్కడ ఇంకించడమంటే పొరుగువారి బోరులో కలపడమే. ఒకే నమూనా, ఒకే అంచనా విలువతో రాష్ట్రమంతటా తవ్వించడం లెక్కలకు అనుకూలం, నేలకు కాదు. ఈ విషయంలో ఇంజనీరుకన్నా ఊరి బావులు తవ్విన ఒడ్డెరకు ఎక్కువ తెలుసునని నా అభిప్రాయం.

మరి కుంట? మళ్లీ ఆ వెయ్యిమంది పల్లెకే వద్దాం. 80 వేల లీటర్ల మురుగును పది రోజులు నిలువ ఉంచాలంటే 800 ఘనపు మీటర్ల చోటు కావాలి. లోతు 1.2 మీటర్లయితే వైశాల్యం సుమారు 670 చదరపు మీటర్లు, అంటే ఆరేడు గుంటలు. గట్లు, మట్టి ఆగే తొట్టి కలుపుకున్నా పావు ఎకరం. ఇది స్థూలమైన లెక్కే, స్థలాన్ని బట్టి మారుతుంది. ఆ నీటిని పొలానికి వాడదలిస్తే ప్రమాణం కూడా కొంత సడలుతుంది: పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం లోతట్టు జలాల్లోకి వదిలే నీటికి జీవరసాయన ఆక్సిజన్ అవసరం 30 మిల్లీగ్రాములు మించరాదు, సేద్యం కోసం నేలపైకి వదిలే నీటికి ఆ హద్దు 100.

యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. కావలసింది పావు ఎకరం ఉమ్మడి భూమి, అదీ పల్లపు దిక్కున. ఒకప్పుడు ప్రతి ఊరికీ పోరంబోకు, గైరాను, చెరువుశిఖం ఉండేవి. అవి ఆక్రమణల్లోకి, పట్టాల్లోకి, లేఅవుట్లలోకి పోయిన చరిత్రను భూసంబంధాల పరిశోధకులు ఇప్పటికే చాలావరకు రాశారు. నాగపూరు గ్రంథం పల్లెకు చేరకపోవడానికి కారణాలను సాంకేతిక శాఖల దస్త్రాలకన్నా ఆ రెవెన్యూ రికార్డుల్లో వెదకడం మేలు. కుంటకు అనువైన చోటు ఎవరి పేరు మీద, ఏ సంవత్సరంలో మారిందో పహాణీలు చెబుతాయి.

వెదకవలసిన మరొక చోటు ఇళ్లలోనే ఉంది. కుళాయి రాకముందు ఇంటి నీటి వ్యవహారాన్ని నడిపిన స్త్రీలు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. ఏ నీరు ఏ మొక్కకు పోసేవారు, ఏ నీరు పశువుకు పనికిరాదు, వానాకాలంలో జలదారి పొంగితే ఏమిచేసేవారు, పల్లపు ఇంటివారితో తగవు వస్తే ఎవరు తీర్చేవారు అన్న వివరాలు ఏ గెజెటీరులోనూ లేవు. మౌఖిక చరిత్ర పద్ధతిలో ఒక్కొక్క మండలం నుండి పదిమంది జ్ఞాపకాలనైనా, అన్ని కులాల వారివీ, పెరడున్న వారివీ లేనివారివీ, విడివిడిగా నమోదుచేయడం మన కళాశాలల చరిత్ర విభాగాలకు సాధ్యమైన పని. దానికి కాలవ్యవధి మాత్రం ఎక్కువ లేదు.